ఇచ్చెయ్యాలా? ఎదిరించాలా?

కత్తి చూపించి "నగలు తియ్" అంటే మీరేం చేస్తారు? ఈ ప్రశ్న పదిమంది ఆడవాళ్ళు కూర్చున్న చోట అడిగి చూడండి. ఒకావిడ "కళ్ళల్లో కారం కొట్టేస్తా" అంటుంది. ఇంకొకావిడ "అమ్మో, నాకు కాళ్ళూ చేతులూ ఆడవు" అంటుంది. మరొకావిడ "ప్రాణం కంటే నగలెక్కువా? ఇచ్చేసి దణ్ణం పెడతా" అంటుంది. ముగ్గురూ మనసులో మాటే చెబుతున్నారు. కాకపోతే అవన్నీ ఫ్యాను కింద కూర్చుని కాఫీ తాగుతూ చెప్పే మాటలు. నిజంగా కత్తి ఎదురుగా ఉన్నప్పుడు దొరికే వ్యవధి నాలుగైదు క్షణాలు. అంతలో కొత్త ఆలోచన పుట్టదు. ముందెప్పుడో మనసులో వేసిపెట్టుకున్న ఆలోచన ఉంటే అదే అక్కరకొస్తుంది.

అందుకే ఈ సంగతి తీరుబడిగా, భయం లేనప్పుడే మాట్లాడుకోవాలని నా ఉద్దేశం.

ఇద్దరూ ఎదిరించినవాళ్ళే

2024 మార్చిలో హైదరాబాద్ బేగంపేటలో జరిగిన సంఘటన మీలో చాలామందికి గుర్తుండే ఉంటుంది. మధ్యాహ్నం పూట కొరియర్ వచ్చిందంటూ ఇద్దరు మగవాళ్ళు ఒక ఇంట్లోకి జొరబడ్డారు. ఒకడి దగ్గర నాటు తుపాకీ, ఇంకొకడి దగ్గర కత్తి. ఇంట్లో ఉన్నది తల్లి, కూతురు, పనిమనిషి. తల్లికి ఆత్మరక్షణ విద్యలో శిక్షణ ఉందట. ఆవిడ తుపాకీ పట్టుకున్నవాడి మీద తిరగబడింది. కూతురు తోడైంది. కేకలకు ఇరుగుపొరుగులు వచ్చారు. ఒకడు అక్కడే దొరికిపోయాడు, పారిపోయిన రెండోవాణ్ణి తర్వాత పట్టుకున్నారు. గేటు దగ్గర ఆ తల్లీకూతుళ్ళు పెనుగులాడిన దృశ్యం టీవీల్లో చూసి అందరం "శెభాష్" అన్నాం. పోలీసులు వాళ్ళని సన్మానించారు కూడా.

ఇప్పుడు ఇంకో సంగతి. 2011 ఏప్రిల్‌లో అరుణిమా సిన్హా అనే వాలీబాల్ క్రీడాకారిణి లక్నో నుంచి ఢిల్లీకి రాత్రి రైల్లో వెళుతోంది. జనరల్ పెట్టె. కొందరు వచ్చి మెళ్ళో గొలుసు ఇమ్మన్నారు. తాను ఇవ్వనని ఎదిరించాననీ, బండి నడుస్తుండగా వాళ్ళు తనని బయటికి తోసేశారనీ, పెట్టెలో ఉన్నవాళ్ళెవరూ లేవలేదనీ ఆమె తర్వాత చెప్పింది. పక్క పట్టాల మీద వచ్చిన రైలు కింద కాలు నలిగింది. ఎడమ కాలు మోకాలి కింద వరకూ తీసేశారు. ఆమె అక్కడితో ఆగిపోలేదు. కృత్రిమ కాలితో 2013 మే 21న ఎవరెస్టు శిఖరం ఎక్కింది. అది వేరే కథ, గొప్ప కథ. కానీ ఆ రాత్రి పోయిన కాలు తిరిగి రాలేదు కదా.

ఇద్దరూ ఎదిరించినవాళ్ళే. ఇద్దరిలోనూ ధైర్యానికి లోటు లేదు. ఒకచోట దొంగ దొరికాడు, ఇంకోచోట కాలు పోయింది. ఫలితాన్ని చూసి "భలే పని చేసింది" అనో, "గొలుసు కోసం అంత పంతం దేనికి?" అనో తీర్పు చెప్పేయడం మనకి తేలిక. కానీ కత్తి ఎదురుగా ఉన్న మనిషికి ఫలితం ముందుగా తెలియదు. ఆమెకి తెలిసేవి కొన్నే... వాడు ఏమడుగుతున్నాడు, చేతిలో ఏముంది, ఎంతమంది ఉన్నారు, పారిపోయే దారి ఎటు, కేకేస్తే వినేవాళ్ళున్నారా లేదా. వీటిని బట్టే ఎవరైనా నిర్ణయించుకోగలరు.

వీటన్నిటిలోకీ ముందు చూసుకోవాల్సింది వాడు ఏమడుగుతున్నాడన్నది. ఇది పుస్తకంలో చదివి చెబుతున్న మాట కాదండీ.

మా ఇంట్లో

2007 మే నెల. గుంటూరులో అప్పుడు మేమున్నది ఊరి చివర కొత్తగా వెలిసిన కాలనీ. మావారు ఆఫీసు పనిమీద విశాఖపట్నం వెళ్ళారు. ఇంట్లో నేను, అత్తయ్య, ఇంటర్ చదువుతున్న మా అమ్మాయి. రాత్రి ఒంటిగంట దాటాక పెరటి తలుపు గడియ ఊడిన చప్పుడుకి మెలకువ వచ్చింది. లేచి లైటు వేసేలోపే ఇద్దరు హాల్లోకి వచ్చేశారు. ముఖాలకి తువ్వాళ్ళు చుట్టుకున్నారు. ఒకడి చేతిలో గునపం, రెండోవాడి చేతిలో కత్తి. కత్తివాడు తిన్నగా అత్తయ్య మంచం దగ్గరికి వెళ్ళి నిలబడ్డాడు.

"అరిస్తే ముసలమ్మ పీక కోసేస్తా" అన్నాడు.

మా నాన్నగారు బ్యాంకులో క్యాషియరుగా చేసి రిటైరయ్యారు. బ్యాంకు దోపిడీల వార్త పేపర్లో వచ్చినప్పుడల్లా "డబ్బుకి ఇన్సూరెన్సు ఉంటుందమ్మా, క్యాషియరుకి ఇంకో ప్రాణం ఉండదు" అనేవారు. చిన్నప్పటినుంచీ విన్న ఆ మాట ఎక్కడో కూర్చుని ఉంది కాబోలు, నోట్లోంచి మాట దానంతటదే వచ్చింది.

"బాబూ, ఆవిడ గుండెజబ్బు మనిషి. కత్తి కాస్త దూరంగా పెట్టు. బీరువా తాళాలు నా దిండు కింద ఉన్నాయి. తీసిస్తాను" అన్నాను. చెప్పాకే చెయ్యి కదిపాను.

నాలుగు గాజులు, ఒక గొలుసు, మా అమ్మాయి జుంకాలు, చీరల మడతలో పెట్టిన పదకొండు వేలు... అన్నీ మూట కట్టుకున్నారు. "మెళ్ళోది కూడా" అన్నాడు గునపం వాడు. నా చెయ్యి మెడ మీదే ఆగిపోయింది. పుస్తెలతాడు! మంచం మీంచి అత్తయ్య, "ఇచ్చెయ్యమ్మా" అంది. శుక్రవారం శుక్రవారం పుస్తెలకి పసుపు రాశానా లేదా అని అడిగే మనిషి ఆవిడ! ఆవిడ నోట ఆ మాట విన్నాక ఇంక ఆలోచించలేదు, తీసి ఇచ్చేశాను.

అంతటితో పోతారనుకున్నాను. పోలేదు. గునపం వాడు మా అమ్మాయి రెక్క పట్టుకుని, "ఇంకా ఎక్కడ దాచారో ఇది చెబుతుంది, పెరట్లోకి పట్టుకురా" అన్నాడు రెండోవాడితో.

అప్పటిదాకా అణిగి ఉన్న గొంతు ఆ మాటతో లేచింది. "దొంగలు! దొంగలు!" అని కాలనీ అదిరేలా అరిచాను. మా అమ్మాయి ఒళ్ళంతా బరువు వదిలేసి నేల మీద కూర్చుండిపోయింది. నేను దాని నడుం చుట్టూ రెండు చేతులూ వేసి పట్టుకున్నాను. అత్తయ్య పక్కనున్న మంచినీళ్ళ చెంబు తీసి కిటికీకి విసిరికొట్టింది. అద్దం భళ్ళుమంది. వీధిలో కుక్కలు లేచాయి. ఎదురింట్లో లైటు వెలిగింది. గునపంతో నా చేతి మీద ఒక్క దెబ్బ వేసి ఇద్దరూ వచ్చిన దారినే పారిపోయారు. ఎముక విరిగి ఆరువారాలు కట్టుతో తిరిగాను.

తెల్లవారగానే మావారు వచ్చి పసుపుతాడుకి పసుపుకొమ్ము కట్టి నా మెళ్ళో వేశారు. పరామర్శకి వచ్చిన చుట్టాల్లో సగంమంది, "పుస్తెలు కూడా ఇచ్చేశావా?" అన్నారు. మిగతా సగంమంది, "కత్తి పట్టుకున్నవాళ్ళ ముందు ఆ కేకలేమిటి, పొడిస్తేనో?" అన్నారు. అత్తయ్య చాలాసేపు విని, చివరికి ఒకే మాట అంది. "ఆ పూట మీరెవరూ ఇంట్లో లేరుగా. ఉన్నది మేం ముగ్గురం. ముగ్గురం బతికే ఉన్నాం."

వస్తువా? మనిషా?

ఆ తర్వాత ఎన్నోసార్లు ఆలోచించాను. నగలు ఇచ్చినప్పుడు నేను పిరికిదాన్నీ కాను, కేకేసినప్పుడు వీరనారినీ కాను. రెండుసార్లూ నా లెక్క ఒకటే... మేం ముగ్గురం ప్రాణాలతో మిగలాలి. వాడు వస్తువు అడిగినన్నాళ్ళూ ఇవ్వడం వల్ల ఆ లెక్క కుదిరింది. మనిషిని అడిగేసరికి ఇవ్వడం వల్ల కుదరదని అర్థమైంది.

ఈ మాట అందరూ గుర్తుపెట్టుకోగలిగినంత చిన్నది. వస్తువు అడిగితే ఇచ్చెయ్యాలి. మనిషిని అడిగితే ఇవ్వకూడదు.

దోపిడీకి వచ్చినవాడి తీరు గమనించండి. వాడికి కావలసింది తొందరగా దొరకడం, తొందరగా పోవడం. చప్పుడు, ఆలస్యం, వెలుతురు, నలుగురు మనుషులు... ఇవి వాడి శత్రువులు. అడిగింది చేతికి వస్తే చాలామట్టుకు వెళ్ళిపోవడమే వాడికి లాభం. అందుకే బైకు మీద వచ్చి గొలుసు పట్టుకున్నవాడితో లాగులాడకండి. పడితే తల పగులుతుంది, బండి వెంట ఈడ్చుకుపోతే ఇంకా ప్రమాదం. హ్యాండ్‌బ్యాగు అడిగితే చేతికి అందించే బదులు వాడికి కాస్త అవతలగా విసిరి, మీరు రెండోవైపు పరుగెత్తండి. వాడు బ్యాగు వైపు వెళతాడా, మీ వెనక వస్తాడా అన్నదే వాడి ఉద్దేశం చెప్పేస్తుంది.

ఇచ్చేటప్పుడు కూడా ఒక పద్ధతి ఉంది. చేతులు వాడికి కనబడేలా ఉంచండి. ఏం చెయ్యబోతున్నారో ముందు నోటితో చెప్పి, తర్వాత చెయ్యి కదపండి. "తాళాలు బ్యాగులో ఉన్నాయి, తీస్తున్నాను" అంటే చాలు. హఠాత్తుగా చెయ్యి పెడితే ఆయుధం తీస్తున్నారనుకుంటాడు, వాడికీ భయం ఉంటుంది కదా. శాపనార్థాలు వద్దు, సవాళ్ళు వద్దు. ముఖ్యంగా వాడు తెలిసినవాడైనా, "ఒరేయ్, నువ్వు ఫలానా వాడివి కదూ!" అని అస్సలు అనకండి. గుర్తుపట్టారని తెలిశాక మిమ్మల్ని ప్రాణాలతో వదిలితే ప్రమాదమని వాడికి తోచవచ్చు.

ఇక రెండో వైపు. ఎప్పుడు ఒప్పుకోకూడదు? నా అనుభవంలోనూ, విన్నవాటిలోనూ కొన్ని గుర్తులున్నాయి. అడిగింది ఇచ్చినా కదలకపోవడం. ఉన్నచోటినుంచి ఇంకోచోటికి రమ్మనడం... పెరట్లోకి, లోపలి గదిలోకి, కారులోకి, ఆటోలోకి. కాళ్ళూ చేతులూ కట్టేయబోవడం. ఒంటిమీద చెయ్యి వెయ్యడం. బయటికి వెళ్ళే దారి మూసెయ్యడం.

2013 నవంబరులో బెంగళూరులో ఒక ఎటిఎంలో జరిగిన దారుణం చూసినవాళ్ళెవరూ మర్చిపోలేరు. ఉదయం పూట డబ్బు తియ్యడానికి వెళ్ళిన ఉద్యోగిని వెనకే ఒకడు లోపలికి వచ్చి షటరు కిందికి దించేశాడు. తర్వాత వేటకత్తి తీశాడు. ఆమె తీవ్రంగా గాయపడి, ఎన్నో రోజులు ఆస్పత్రిలో ఉండి బతికి బయటపడింది. వాణ్ణి 2017లో అప్పటి మన చిత్తూరు జిల్లా మదనపల్లెలో పట్టుకున్నారు. ఆ పరిస్థితిలో ఆమె ఇలా చెయ్యాల్సింది, అలా చెయ్యాల్సింది అనడానికి నాకు నోరు రాదు. దానిలోంచి మనం తీసుకోవాల్సింది ఒకటుంది. ఎటిఎంలో మీరుండగా ఇంకొకరు లోపలికి వస్తే డబ్బు సంగతి పక్కనపెట్టి మీరు బయటికి వచ్చెయ్యండి. మొహమాటపడకండి. కార్డు మెషీన్లోనే ఉండిపోయినా బ్యాంకుకి ఫోన్ చేసి ఆపించుకోవచ్చు.

ఎదిరించక తప్పదని తోచినప్పుడు సగం సగం ఎదిరించడం పనికిరాదు. గొంతంతా పెట్టి కేక వెయ్యాలి, చప్పుడు చెయ్యాలి, దొరికింది విసరాలి, కాళ్ళు నేలకి తన్నిపట్టి కదలనని మొరాయించాలి. ఒళ్ళు బరువు వదిలేసి కూలబడ్డ మనిషిని ఈడ్చుకుపోవడం ఎంత బలవంతుడికైనా కష్టం. దొంగని గెలవడం మీ పని అనుకోకండి. మీ పని సందు చూసి బయటపడటం. సందు దొరకగానే పరుగే. పారిపోతున్నవాడి వెంటపడటం మాత్రం వద్దు.

చాలామంది అడిగే ప్రశ్న కారప్పొడి గురించి, మిరియాల స్ప్రే గురించి. పనికిరావని అనను. అయితే స్ప్రే హ్యాండ్‌బ్యాగు అడుగున టిఫిన్ డబ్బా కింద ఉంటే లాభం లేదు. మూత ఎటు తిప్పాలో తెలియకపోతే లాభం లేదు. కారం సంగతా? ఫ్యాను తిరుగుతున్న గదిలో విసిరితే ముందు మన కళ్ళల్లోనే పడుతుంది. ఏ వస్తువైనా చేతికి అలవాటైతేనే ఆయుధం. కరాటే, తైక్వాండో నేర్చుకున్నవాళ్ళయినా, తుపాకీ పట్టుకున్నవాడు నాలుగడుగుల దూరంలో ఉంటే ఊరుకోవడమే మంచిది.

ఒళ్ళు మన మాట వినదు

ఇంకో సంగతి ముందే తెలుసుకోవడం మంచిది. భయం వేసినప్పుడు ఒళ్ళు తన దారి తనే చూసుకుంటుంది. గుండె దడదడ కొట్టుకుంటుంది, నోరు ఎండిపోతుంది, వేళ్ళు వణుకుతాయి, తాళంచెవి తాళంలో దూరదు. కొంతమందికి అసలు కదలికే ఆగిపోతుంది, గొంతు పెగలదు. ఇది పిరికితనం కాదు, శరీర ధర్మం. మగవాళ్ళకీ వస్తుంది, పోలీసులకీ వస్తుంది. అలా బిగుసుకుపోతే మెల్లిగా ఊపిరి వదలండి. లోపలికి పీల్చడం కంటే బయటికి వదలడం మీద దృష్టి పెడితే చేతులు మళ్ళీ మాట వింటాయి.

మా ఇంటికి వచ్చిన ఎస్సై గారు "మనిషి ఎత్తెంత? చొక్కా ఏ రంగు? ఏ యాసలో మాట్లాడాడు?" అని అడిగారు. నాకు ఒక్కటీ చెప్పడం రాలేదు. కత్తి పిడికి నీలం రంగు కరెంటు వైరు చుట్టి ఉందని మాత్రం ఇప్పటికీ కళ్ళకి కడుతుంది. 1987లో ఎలిజబెత్ లాఫ్టస్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త, ఆవిడ సహచరులు దీనిమీద పరిశోధన చేశారని చాలా ఏళ్ళ తర్వాత చదివాను. మనిషి చేతిలో ఆయుధం ఉంటే చూసేవారి చూపు దాని దగ్గరే ఆగిపోతుందట, ముఖం సరిగా గుర్తుండదట. కాబట్టి పోలీసులు అడిగినవి చెప్పలేకపోతే కుంగిపోకండి. గుర్తున్నంతే చెప్పండి, లేనిది ఊహించి చెప్పకండి. నేల మీద కూర్చున్న మా అమ్మాయికి వాళ్ళ చెప్పులు గుర్తున్నాయి! ఇంట్లో ఒక్కొక్కరికి ఒక్కొక్కటి గుర్తుంటుంది, అందరినీ విడివిడిగా అడగనివ్వండి.

చట్టం ఎవరి వైపు?

"తిరగబడి కొడితే కేసు మన మీదే పడుతుందేమో" అన్న భయం చాలామందిలో ఉంది. 2024 జూలై 1 నుంచి భారతీయ శిక్షాస్మృతి స్థానంలో భారతీయ న్యాయ సంహిత అమల్లోకి వచ్చింది. పాత చట్టంలో 96 నుంచి 106 వరకూ ఉన్న ఆత్మరక్షణ సెక్షన్లు కొత్త చట్టంలో 34 నుంచి 44 వరకూ ఉన్నాయి. సారాంశం మారలేదు. తనని తాను కాపాడుకోవడానికి చేసిన పని నేరం కాదు. ఆ హక్కు మనకోసమే కాదు, పక్కవాళ్ళ ప్రాణం కాపాడటానికీ ఉంది. అంటే కేక విని వచ్చిన పొరుగింటివాళ్ళకీ రక్షణ ఉందన్నమాట.

ప్రాణం పోతుందనో, తీవ్రమైన గాయం అవుతుందనో, అత్యాచారం చేస్తారనో, ఎత్తుకుపోతారనో, యాసిడ్ పోస్తారనో సహేతుకంగా భయం కలిగినప్పుడు ఎదుటివాడి ప్రాణం పోయేంత వరకూ కూడా ఎదిరించే హక్కు ఉంది. ఇది 38వ సెక్షన్. దోపిడీ, సూర్యాస్తమయం తర్వాత తెల్లవారేలోగా ఇల్లు పగలగొట్టి చొరబడటం వంటి సందర్భాలకి 41వ సెక్షన్ ఉంది. 2010లో దర్శన్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు ఈ హక్కు గురించి వివరంగా చెప్పింది. ప్రమాదంలో ఉన్న మనిషి దెబ్బకి దెబ్బ లెక్కలు వేసుకుంటూ, త్రాసులో తూచినట్టు ఎదిరించాలని ఆశించకూడదన్నది ఆ తీర్పులో ముఖ్యమైన సంగతి.

అయితే హద్దూ ఉంది. అవసరానికి మించి హాని చెయ్యకూడదు. ప్రమాదం తప్పిపోయాక హక్కూ ఆగిపోతుంది. పట్టుబడ్డ దొంగని స్తంభానికి కట్టి నలుగురూ కలిసి కొట్టడం ఆత్మరక్షణ కిందికి రాదు, అది మళ్ళీ ఒక నేరం.

దోపిడీలో పాల్గొన్నవాళ్ళు ఐదుగురూ అంతకంటే ఎక్కువమందీ అయితే చట్టం దాన్ని బందిపోటు దోపిడీ అంటుంది, శిక్ష పెద్దది. కనుక ఎంతమంది వచ్చారన్నది ఫిర్యాదులో సరిగా రాయించండి. సంఘటన తమ పరిధిలోది కాదని ఏ పోలీసుస్టేషనూ వెనక్కి పంపడానికి వీల్లేదు. ఎక్కడైనా జీరో ఎఫ్ఐఆర్ నమోదు చేయించుకోవచ్చు, ప్రతి ఉచితంగా ఇవ్వాలి.

ఇంట్లో ముందే అనుకోండి

• ఇంటిల్లిపాదీ కూర్చుని ఒకసారి మాట్లాడుకోండి. ఏదడిగితే ఇచ్చెయ్యాలి, ఏం జరిగితే కేకెయ్యాలి అన్నది అందరికీ ఒకటే తెలిసి ఉండాలి. ఒకరు ఇస్తుంటే ఇంకొకరు దొంగ మీదపడటం కంటే ప్రమాదం లేదు.

• పిల్లల పని కొట్లాట కాదు. దారి దొరికితే పక్కింటికి పరుగెత్తడం, పెద్దవాళ్ళకి చెప్పడం. ఏ ఇంటికి వెళ్ళాలో ముందే చూపించండి.

• 112 నంబరు పోలీసు, అంబులెన్సు, ఫైరింజను అన్నిటికీ పనిచేస్తుంది. చాలా ఫోన్లలో పక్కనున్న పవర్ బటన్ వరసగా కొన్నిసార్లు నొక్కితే అత్యవసర కాల్ వెళుతుంది. మీ ఫోన్లో ఎన్నిసార్లు నొక్కాలో సెట్టింగుల్లో ఇవాళే చూసుకోండి.

• కొరియర్, గ్యాస్, కరెంటు, సర్వే... ఎవరొచ్చినా గొలుసు వేసిన తలుపు సందులోంచే మాట్లాడండి. పార్సిల్ గుమ్మం ముందు పెట్టి వెళ్ళమనడం అమర్యాదేం కాదు.

• పెద్ద నగలు లాకర్లో ఉంటే ఇంట్లో ఉన్నవి ఇచ్చెయ్యడానికి మనసు తేలికగా ఒప్పుకుంటుంది. ప్రతి నగకీ ఫొటో తీసి, బిల్లుతో కలిపి దాచండి. మాకు ఏడాదిన్నర తర్వాత రెండు గాజులు తిరిగి వచ్చాయంటే పెళ్ళి ఫొటోలో వాటి చెక్కడం స్పష్టంగా ఉండబట్టే.

• పక్కింటివాళ్ళతో పలకరింపు ఉంచుకోండి. తలుపులు ఎంత గట్టివైనా, కేక వినిపించగానే లైటు వేసే పొరుగు లేకపోతే ఇల్లు ఒంటరిదే.

చివరగా ఒక మనవి. దోపిడీ జరిగిన ఇంటికి మీరు పరామర్శకి వెళితే "ఎందుకిచ్చావు?" అని అడగకండి. "ఎందుకు ఎదిరించావు?" అనీ అడగకండి. ఆ ప్రశ్నలు రెండూ తప్పంతా ఆమె మీదకి నెట్టేవే. కత్తి పట్టుకుని వచ్చినవాడిది తప్పు. ఆ క్షణంలో ఆమెకి కనిపించినంతలో, చేతనైనంతలో చేసింది. మనుషులు దక్కారంటే ఆ నిర్ణయం మంచిదే. వెళ్ళేటప్పుడు నాలుగు ఇడ్లీలు పట్టుకెళ్ళండి, ఆ రాత్రికి తోడు పడుకోండి, మర్నాడు పోలీసుస్టేషనుకి వెంట వెళ్ళండి. పోయిన నగల లెక్క ఆమెకి ఎలాగూ తెలుసు, మళ్ళీ మీరు చెప్పక్కర్లేదు.